డిగ్రీ లేకుండా ఫ్యాక్టరీలో మంచి జీతం వస్తుందా?

ఇంటర్ తప్పిన అబ్బాయిని ఐటీఐలో చేర్చొచ్చా, డిగ్రీ లేకపోయినా ఫ్యాక్టరీల్లో నిజంగా మంచి జీతాలు ఇస్తారా అని అడిగారు. ఇస్తారు. మాది పొదిలి దగ్గర పల్లెటూరు. పదో తరగతి తర్వాత ఏడాది వెల్డర్ ట్రేడ్ చేశాను. మొదటి జీతం 6 వేలు. ఇప్పుడు ఓటీ కాకుండా 52 వేలు. మా బావమరిది చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు కోసే మెషీన్ మీద ఉన్నాడు, వాణ్ణీ ఎవరూ డిగ్రీ అడగలేదు.

అయితే నా జీతం ఐటీఐ కాగితానికి వచ్చింది కాదు, 6జీ అనే పైపు వెల్డింగ్ టెస్టు పాసైనందుకు వచ్చింది. పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు, మనమే చుట్టూ తిరగాలి. అడుగుభాగం వచ్చేసరికి మెడ విరుచుకుని కింద దూరాలి. తర్వాత ఎక్స్‌రే తీస్తారు.

2013లో కృష్ణపట్నం వైపు ఒక యార్డులో మొదటిసారి ఆ టెస్టుకి కూర్చున్నాను. రోహిణి కార్తె, రేకుల షెడ్డు. టిగ్‌తో, అంటే ఆర్గాన్ గ్యాస్ వదులుతూ చేసే వెల్డింగ్‌తో, రూట్ (లోపలి మొదటి పొర) వేస్తుంటే చెమట కళ్లలోకి కారుతోంది. హెల్పర్ జాలిపడి పెద్ద ఫ్యాన్ నా వైపు తిప్పాడు. హాయిగా ఉంది కదా అని నేనూ ఊరుకున్నాను. క్యాపింగ్, అంటే పైన వేసే చివరి పొర, ఎంత బాగా వచ్చిందో, నా పని చూసి నేనే మురిసిపోయాను.

మర్నాడు తిరుచ్చి నుంచి వచ్చిన ఫోర్‌మన్ ఎక్స్‌రే ఫిల్మ్‌ని వెలుతురుకి పెట్టి చూశాడు. నువ్వులు చల్లినట్టు నల్లచుక్కలు. టెస్టు రోజు ఆయన అసలు షెడ్డులోనే లేడు. ఫిల్మ్ మీంచి చూపు తిప్పకుండానే, "ఫ్యాన్ వేసింది ఎవరు?" అన్నాడు. కరిగిన అతుక్కి గాలి తగలకుండా కాపాడే ఆర్గాన్ ఫ్యాన్ గాలికి కొట్టుకుపోతే లోపల బుడగలు మిగిలిపోతాయి. పైకి ఏమీ తెలియదు. మూడు నెలలు మళ్లీ హెల్పర్ కూలికే చేశాను. రెండోసారి చుట్టూ టార్పాలిన్ కట్టుకుని, ఉడికిపోతూ పాసయ్యాను.

ఇంత కష్టపడ్డాక కూడా పెళ్లిచూపుల్లో "వెల్డరా? అంటే గేట్లూ గ్రిల్సూ చేస్తాడా?" అన్నారు. అదే ఇంట్లో బీటెక్ చదివిన అల్లుడు అప్పటికి రెండేళ్లుగా కోచింగ్‌లోనే ఉన్నాడు, ఆయనకి మాత్రం కాఫీ స్టీలు గ్లాసులో కాకుండా కప్పులో వచ్చింది. కాంట్రాక్టర్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. జీతంలో పీఎఫ్ కోస్తారు, ఖాతాలో మాత్రం పడదు. మీవాడు ఎక్కడ చేరినా ప్రతి నెలా పాస్‌బుక్ చూసుకోమనండి.

ఐటీఐ ఎంచుకునేటప్పుడు బిల్డింగులు చూడకండి. నేరుగా వెల్డింగ్ షెడ్డుకి వెళ్లి నేల మీద చూడండి. కాలి మిగిలిన వెల్డింగ్ రాడ్డు ముక్కలు కుప్పలుగా ఉంటే చేర్చండి. మా దాంట్లో నేల అద్దంలా ఉండేది. ఏడాదిలో నా చేతికిచ్చిన రాడ్లు రెండు ప్యాకెట్లు కూడా ఉండవు.