వానలు తప్పిన ఏడాదిలో పూలు వెతికే పాపకు

పాపా,

ఉగాదికి స్నేహితులను వెంటబెట్టుకుని వస్తామని, మన మెట్టల్లో, గుట్టల్లో అడవిపూలు చూడాలని రాశావు. వానలు తప్పిన ఏడు కదా, ఏమన్నా మిగిలుంటాయా అని కూడా అడిగావు. ఉంటాయి. కాకపోతే మంచి ఏడు వెతికినట్టు వెతికితే వట్టి చేతులతో పోతారు. వానలు పడిన ఏడాదిలో పూలు నేలమీద దొరుకుతాయి. కరువు ఏడాదిలో చెట్లమీద, ముళ్ల నడుమ, నీళ్లు పారిన దారిలో దొరుకుతాయి.

అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరులోపే అయిపోతుంది. జనవరి నుంచి మార్చి దాకా చినుకు ఉండదనే లెక్క. అంటే మార్చిలో పూసే ప్రతి పువ్వూ నాలుగైదు నెలల కిందటి తడితో పూస్తున్నదే. జానెడు వేరున్న విష్ణుక్రాంత, తుమ్మిలాంటి చిన్న మొక్కలకు ఆ తడి ఎప్పుడో అయిపోయుంటుంది. వాటి విత్తనాలు మట్టిలోనే ఉన్నాయి, చాలినంత వాన పడేదాకా మొలవవు. అందుకే పాత ఫోటోల్లో పచ్చగా కనిపించిన బయలుకు ఈసారి పోవద్దు. బయలుదేరే ముందు మండలాలవారీ వర్షపాతం చూసుకో. అక్టోబరు, నవంబరు అంకెలు విడిగా చూడు. మొత్తం బాగున్నట్టు కనిపించినా, అదంతా ఒక్క రాత్రి కుండపోతగా పడి ఉంటే నీళ్లు వంకల్లోకి పోయాయే తప్ప నేలలో ఇంకలేదు. నాలుగైదు తడవలుగా పడిన మండలమే మేలు.

ముందు చెట్ల సంగతి చెబుతాను. మోదుగ, కొండగోగు ఆకంతా రాల్చేసి పూస్తాయి. ఆకు లేకపోతే చెట్టు నీళ్లు పోగొట్టుకోవడం బాగా తగ్గుతుంది. లోతున్న వేరు, కాండంలో దాచుకున్న నీరు పూతకు సరిపోతాయి. కాబట్టి కరువు ఏడు పూత పలచబడుతుంది, త్వరగా రాలుతుంది, కానీ మానదు. మోదుగ శివరాత్రి చుట్టుపక్కల నిండుగా ఉంటుంది, ఉగాదికి చాలా చోట్ల రాలిపోయి ఉంటుంది. అందుకే సెలవంతా ఉగాదికే పెట్టుకోకుండా రెండుగా విడగొట్టుకోమంటాను. శివరాత్రి అయ్యాక ఒక శని ఆదివారాలు మోదుగకు, కొండగోగుకు. ఉగాదికి వేప, ఆదొండ, కలివె, బిక్కి. కానుగ, రేల, ఎర్రచందనం ఏప్రిల్ మాట. మోదుగను పల్లపు నేలల్లో, వంకల వెంబడి చూడు. కొండగోగు రాతిగుట్టల వాలు మీద ఉంటుంది, అరచేయంత పసుపుపచ్చ పువ్వు. మోడు కొమ్మ చివర పూస్తుంది కాబట్టి కిలోమీటరు దూరం నుంచి కూడా దుర్భిణిలో పట్టుకోవచ్చు. బెంగళూరు దారిలో వస్తారు కాబట్టి పెనుకొండ దగ్గరి గుట్టలను రోడ్డు పక్కన బండి ఆపి అలా గాలించండి. కదిలే బండిలోంచి చూస్తే సగం తప్పిపోతాయి.

ఇక నీళ్ల దారి. ఇది బాగా అర్థం చేసుకోవాలి, కరువు ఏడాదిలో చిన్న మొక్కలు దొరికేది ఇక్కడే. వంద చదరపు మీటర్ల నున్నటి బండ మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్ల నీళ్లు. బండ తాగేది తక్కువ, మిగతాదంతా దాని పాదం దగ్గరున్న మూరెడు మట్టిలోకి దిగుతుంది. ఆ మూరెడు మట్టికి దక్కిన వాన పక్క చేనుకు దక్కినదానికి ఎన్నో రెట్లు. మన గుట్టలన్నీ ఇలాంటి నల్లరాతి బండలే కాబట్టి, గుట్ట ఎక్కే పని పెట్టుకోకుండా పాదం చుట్టూ తిరగండి. బండల మధ్య చీలికల్లో, రాతి గుంతల్లో పేరుకున్న మట్టిలో వంగి చూడండి. శీతాకాలమంతా సూర్యుడు దక్షిణాన ఉంటాడు గనుక ఉత్తరం వైపు వాలులో తడి ఇంకొన్ని వారాలు నిలుస్తుంది. ముందు ఆ వైపే పోండి. తారు రోడ్డు అంచు కూడా ఇదే లెక్క. రోడ్డు మీద పడిన నీళ్లు పక్కకే దిగుతాయి, చేలల్లో ఎండిపోయిన తంగేడు రోడ్డు వెంబడి ఇంకా పసుపుపచ్చగా కనిపించడానికి అదే కారణం.

వంక ఎండిపోయి ఉన్నా ఇసుకను అరచేతితో తవ్వి చూడు. జానెడు లోతులో చల్లగా తగిలితే ఆ వంక గట్టు వెంబడి నడవడం దండగ కాదు. పైనున్న ఎండు ఇసుక పొర కింది తడిని ఆవిరి కానివ్వదు. వేదవతి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక దిబ్బలున్నాయి. మన జిల్లాలో ఎడారి అనదగ్గ నేల అదే. అక్కడ జిల్లేడు, ఏటిపుచ్చ, పల్లేరు వెతకండి. వంక గట్ల మీద కానుగ, ఉలిమిరి చెట్లు ఉంటాయి. నేలకు అంటుకుని ముళ్ల ఆకులతో ఊదా పువ్వు కనిపిస్తే అది నేలములక. పసుపు పువ్వు, విరిస్తే పసుపు పాలు కారేది బ్రహ్మదండి. అది మెక్సికో నుంచి వచ్చిన మొక్క, గింజలు విషం. పిల్లలుంటే ముట్టనివ్వకండి.

హంద్రీ-నీవా కాలువ వెంబడి, చీనీ (బత్తాయి) తోటల డ్రిప్పు పైపుల కింద కూడా పూలుంటాయి. అవి చూడొద్దని చెప్పను గానీ, నీళ్లు పెట్టిన చోట పూసినవాటిని చూసి కరువులో పూలు చూశామనుకోకండి.

ముళ్ల సంగతి ఎవరూ చెప్పరు. గడ్డి లేని ఏడాదిలో గొర్రెలు, మేకలు అందిందల్లా కొరికేస్తాయి. మిగిలేవి మూడు రకాలే: ముళ్లున్నవి, చేదువి, పాలు కారేవి. కాబట్టి పొద చుట్టూ తిరిగి పోవద్దు, పొద లోపలికి చూడు. బయట బోడిగా ఉన్న నేలలోనే, కలివె పొద నడుమ, బొమ్మజెముడు కింద, మేక మూతి చొరని చోట ఒక తీగో, ఒక చిన్న మొక్కో పూసి ఉంటుంది. నీడ వల్ల అక్కడ తడి కూడా కొంచెం ఎక్కువ రోజులుంటుంది. ఆదొండ కొక్కెం ముళ్లతో పొదల మీదికి పాకుతుంది. తెల్లగా విచ్చిన పువ్వు కేసరాలు పొద్దెక్కేసరికి ఎర్రబారతాయి, ఒకే తీగ మీద రెండు రంగులూ కనిపిస్తాయి. బిక్కి కూడా అంతే, తెల్లగా పూసి మరునాటికి పచ్చబడుతుంది. కలివె పూలు కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తాయి, గాలికి ఎదురుగా నడవండి. సర్కారుతుమ్మ దట్టంగా అల్లుకున్న చోట మాత్రం టైము వృథా చేయకండి, దాని కింద వేరే మొక్క బతకడం అరుదు. రోడ్డు పక్కన తెల్ల పూలతో గుంపుగా కనిపించేది వయ్యారిభామ అయితే దూరంగా ఉండండి, దురద, తుమ్ములు పట్టుకుంటాయి.

గొర్రెల కాపరులను అడగండి, కానీ అడిగే తీరు ఉంది. "పూలు ఎక్కడున్నాయన్నా?" అంటే "ఈ ఎండల్లో పూలెక్కడివమ్మా" అంటారు. "ఇప్పుడు జీవాలను ఎక్కడికి తోలుతున్నారు? ఆఖరున నీళ్లు నిలిచిన వంక ఏది? తేనెటీగలు ఎక్కడ ఆడుతున్నాయి?" అని అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. కాపరి మొక్కను ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే రాసుకో, తర్వాత పుస్తకంలో సరిచూసుకోవచ్చు.

పొద్దున వెలుగు బాగా వచ్చాక, ఆరున్నరకు నడక మొదలుపెట్టి పదికల్లా నీడకు చేరండి. ఇంకా ముందే పోదామని తొందరపడొద్దు. కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల్లో ఎలుగుబంట్లున్నాయి, చీకటి వేళల్లో తిరుగుతాయి. బండల గుహల దగ్గరికి పోకండి, మాట్లాడుకుంటూ నడవండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, చీలమండలు మూసే బూట్లు, ఒక కర్ర. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి, చిన్నపింజరి పాము మట్టి రంగులోనే ఉంటుంది. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం వద్దు, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. గుట్టమీద అగ్గిపుల్ల గీయకండి, ఎండు బోదగడ్డి క్షణంలో అంటుకుంటుంది.

ఎర్రచందనం పూత చూడాలని ఉంటే కడప వైపు పోవాలి, పాలకొండలు, లంకమల. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. దుంగల దొంగల బెడద వల్ల కొత్త మనుషులు కనిపిస్తే ఆపుతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి పిట్ట 1986లో మళ్లీ కనిపించింది ఆ లంకమల పొదల్లోనే, కాబట్టి అనుమతి ఉన్నా బాట దిగి పొదలు తొక్కకండి.

ఫోటోకు పువ్వొక్కటే తీస్తే తర్వాత పేరు తేలదు. ఆకు, బెరడు, కాయ ఉంటే కాయ, పక్కన కొలతకు పెన్ను పెట్టి తీయండి. ఆకు రాల్చిన చెట్టయితే కింద రాలిన ఆకును తీయండి. ఎండలో పసుపు రంగు తెల్లగా తేలిపోతుంది, గొడుగు నీడ పట్టండి. పది రెట్ల భూతద్దం ఒకటి తెచ్చుకుంటే పల్లేరు పువ్వు ముందు కూడా గంట కూర్చోవచ్చు. ఏదీ కోయొద్దు. కరువు ఏడు ఒక పొదకు పూసేవే నాలుగు పూలు, అందులో కాయ పట్టేది ఒకటో రెండో.

ఇంకొక్క మాట. ఏప్రిల్‌లో మామిడి జల్లు ఒకటి గట్టిగా పడితే అప్పుడు ఇంకోసారి రండి. అడవి ఉల్లి ఆకు లేకుండా, వట్టి కాడ ఒక్కటి నేలలోంచి నిటారుగా లేపి పూస్తుంది. పూలు సాయంత్రం విచ్చుకుంటాయి గనుక పొద్దున పోతే మొగ్గలే కనిపిస్తాయి. గడ్డ విషం, తవ్వకండి. ఏ మండలంలో ఎంత పడిందో నేను కనుక్కుని ఫోన్ చేస్తాను, వారం ఆగి బయలుదేరండి.

మీ పెదనాయన
అనంతపురం