రీల్ పెట్టి గంటలోపే తీసేయడం: అసలు కారణం, చేయవలసినవి

స్త్రీ వేషంలో చేసిన రీల్స్‌ను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి గంటలోపే తీసేస్తున్నానని, ఇది మనోబలం లేకపోవడమేనా అని మీరు అడిగారు. మీరు అలా తీసేస్తున్నది మనోబలం లేక కాదు. కావలిలోని కళాశాల స్నేహితులు, ఒంగోలులోని మేనమామ, ముక్కూమొహం తెలియనివారు అందరూ ఒకే ఖాతాలో మిమ్మల్ని చూస్తున్నందువల్ల, మెచ్చుకోలూ "మగాడివేనా" అన్న ఎత్తిపొడుపూ ఒకే తెరపై ఎదురవుతున్నాయి.

1. అభినయం కోసం వేరే ప్రైవేట్ ఖాతా తెరవండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో కాంటాక్టుల అనుసంధానాన్ని ఆపకపోతే, కొత్త ఖాతా కూడా బంధువులకు సూచనగా కనిపించవచ్చు. మీరు ఆపినా, మీ మామయ్య తన ఫోన్‌లోని నంబర్లను యాప్‌తో పంచుకుని ఉంటే మీ నంబరు ద్వారా మీరు దొరికే వీలుంది కనుక, ఆ ఖాతాకు ఫోన్ నంబరు ఇవ్వకుండా ఎవరికీ తెలియని ఈమెయిల్ వాడండి. మామయ్యను ముందే బ్లాక్ చేయండి. ఇది అమర్యాదేమీ కాదు.

3. లైకుల సంఖ్యను దాచే వీలు 2021 నుంచి ఉంది. దాచండి, నోటిఫికేషన్లు ఆపి, రీల్ పెట్టిన రాత్రి యాప్ తెరవకండి.

"నేను అసలు ఎవరిని?" అనీ అడిగారు. స్త్రీ పాత్ర ధరించినంత మాత్రాన జెండర్ గుర్తింపు మారదు. ఆ ప్రశ్న మీలో నిజంగానే ఉంటే, తన జెండర్‌ను తానే నిర్ణయించుకొనే హక్కు వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది, కాబట్టి వ్యాఖ్యలు రాసేవారికి తేల్చే అధికారం లేదు. నిద్ర చెడేంతగా ఇది వేధిస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్‌కు, 14416 నంబరులో ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.