సింకులో నీళ్లు దిగడం లేదా? ముందు టేపు తీసి కొలవండి

ప్రశ్న: మాది మారతహళ్లిలో అపార్టుమెంటు. ఆరు నెలల కిందట వంటగదిలో పాత సింకు తీయించి, 10 అంగుళాల లోతున్న రెండు తొట్ల స్టీలు సింకు పెట్టించాం. పాతది 7 అంగుళాల లోతే. అప్పటినుంచీ గిన్నెలు తోముతుంటే మణికట్టు దాకా నీళ్లు నిలుస్తున్నాయి. కింద డ్రాయర్లు, ఆర్వో గొట్టాలు, వాటి మధ్య మెలికలు తిరిగిన ముడతల వేస్ట్ పైపు. డ్రెయిన్ పొడి రెండుసార్లు పోశాం. వారం బాగుంటుంది, మళ్లీ మామూలే. పైపు మార్చాలా, గోడలో లైను బాగుచేయించాలా?

జవాబు: వారం బాగుండి మళ్లీ మొదటికొస్తోందంటే, జిడ్డు కుదురుకుని కూర్చునే చోటు ఒకటి అక్కడ ఉంది. మీరు చెప్పిన ఆ 3 అంగుళాల తేడాలోనే అది దొరికేలా ఉంది.

వంటగట్టు ఎత్తు నేల నుంచి సుమారు 34 అంగుళాలు అనుకుందాం. పాత సింకు అడుగు 27 దగ్గర ఉండేది. జాలీ కింద కప్లింగుకు 3 అంగుళాలు, రెండు తొట్లనూ కలిపే T ఆకారపు పైపు ముక్కకు (టీ) మూడున్నర తీసేస్తే, నీళ్లు బయటికి మళ్లే చోటు ఇరవైన్నర దగ్గర. వేస్ట్ పైపు దూరే గోడ కన్నం 20 దగ్గరుంటే అంతా కిందికే పారేది. ఇప్పుడు అదే చోటు పదిహేడున్నరకు దిగింది, కన్నం మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే నీళ్లు రెండున్నర అంగుళాలు పైకి ఎక్కి గోడలోకి పోవాలి. ఎక్కుతాయి, ఎందుకంటే పైన సింకులో ఉన్న నీళ్లు తోస్తాయి. కానీ ఆ పల్లంలో నీళ్లు ఎప్పుడూ ఉండిపోతాయి. పోపు నూనె, టీ పిప్పి, చింతపండు పీచు, బియ్యం కడిగిన నీళ్లలో నూక అన్నీ అక్కడే దిగబడతాయి. బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో వాడే ఇంట్లో ఇంకో తంటా ఉంది. నీటిలోని కాల్షియం, నూనె జిడ్డు కలిసి గట్టి సబ్బులాంటి ముద్దగా మారతాయి. అది వేలితో గీకినా అంత తేలిగ్గా రాదు.

మీ ఇంటి అంకెలు వేరే కావచ్చు. టేపు పెట్టి రెండే కొలవండి: నేల నుంచి టీ బయటి మూతి దాకా, నేల నుంచి కన్నం అడుగు అంచు దాకా. రెండోది ఎక్కువైతే ఏ పొడీ మీకు పనిచేయదు.

కొలిచాక ఒక పరీక్ష. కింది డ్రాయరు బయటికి లాగండి. ఆర్వో ప్లగ్గు తీసేయండి, ఈ పనిలో నీళ్లు చిమ్మడం ఖాయం. గోడ దగ్గర వేస్ట్ పైపు చివర ఊడదీసి బకెట్లో పెట్టండి. పొడి ఇటీవలే పోసి ఉంటే రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ నీళ్లలో పొడిలోని కాస్టిక్, అంటే చర్మాన్ని కాల్చే క్షారం, ఇంకా ఉంటుంది. ఒక తొట్టిని సగం నింపి వదలండి. బకెట్లోకి జోరుగా పడితే అడ్డు గోడ లోపల ఉంది. సన్నగా పడితే మీ పైపులోనే.

పైపులోనే అయితే ఆ ముడతల పైపును కడిగి మళ్లీ పెట్టకండి, పారేయండి. ఒక్కో ముడత ఒక్కో జిడ్డు గిన్నె. దాని బదులు లోపల నున్నగా ఉండే 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వేయించండి. మలుపు దగ్గర ఒకే 90 డిగ్రీల ఎల్బో కాకుండా 45 డిగ్రీలవి రెండు పెట్టించండి. వాలు మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు ఉంటే చాలు. ప్లాస్టిక్ నట్టు చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. పానా పెట్టి బలంగా తిప్పితే చీలుతుంది, ఆ చీలిక వెంటనే కనపడదు. రబ్బరు వాషరు ఏటవాలు వైపు ఫిట్టింగులోకి, బల్లపరుపు వైపు నట్టుకు ఉండాలి. తిరగేస్తే కారుతుంది.

ఎత్తు సమస్యకు రెండు దారులున్నాయి. కప్లింగు దగ్గరే నీళ్లను వెనక్కి మళ్లించే స్పేస్ సేవర్ రకం కిట్ అంగుళమో రెండంగుళాలో కలిసొచ్చేలా చేస్తుంది. డ్రాయర్లకు చోటూ మిగులుతుంది. అది చాలకపోతే కన్నమే కిందికి దించాలి. బెంగళూరు ఫ్లాట్లలో చాలాచోట్ల వంటగది గోడకు అవతల యుటిలిటీ (గిన్నెలు, బట్టలు ఉతుక్కునే చోటు) ఉంటుంది. మీకూ అలాగే ఉంటే పైపును అక్కడి నహానీ ట్రాప్ (నేలలో జాలీ కింద ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉండే తూము) మీదికి వదలొచ్చు. పైపు మూతి జాలీ దగ్గరే ఆగాలి. ట్రాప్ నీళ్లలోకి గుచ్చితే గాలి ఆడక గుడగుడమంటూ మళ్లీ నిదానిస్తుంది. షాఫ్టులోని (అన్ని అంతస్తుల పైపులూ దిగే సందు) ఉమ్మడి పైపును కోయాల్సి వస్తే అసోసియేషన్‌కు చెప్పకుండా ముట్టుకోవద్దు.

అడ్డు గోడ లోపలుంటే 3 నుంచి 5 మీటర్ల ప్లంబింగ్ స్ప్రింగు కన్నంలోంచే తోయించండి. ప్లంజరు వాడేటట్టయితే రెండో తొట్టి జాలీని తడిగుడ్డతో నొక్కి పట్టుకోవాలి. లేకపోతే ఒత్తిడంతా అటునుంచి పైకి తన్నుతుంది. పొడి పోసి ఉన్న నీళ్లలో మాత్రం ప్లంజరు వద్దు.

ఆర్వో వేస్ట్ గొట్టాన్నీ ఓసారి చూడండి. పైపుకు చిల్లు పెట్టి దూర్చిన ఆ సన్న గొట్టం లోపలికి వేలెడు పొడుచుకుని ఉంటే, పీచంతా దానికే చుట్టుకుంటుంది.

ప్రశ్న: సింకులో వంటసోడా, వెనిగర్ పోస్తే జిడ్డు కరుగుతుందంటారు, నిజమేనా? మరిగే నీళ్లు పోయొచ్చా? (కె.ఆర్.పురం)

జవాబు: నురగ చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుని ఉప్పునీళ్లే మిగులుతాయి, నూనె జిడ్డు అలాగే ఉంటుంది. మరిగే నీళ్లు పీవీసీని మెత్తబరుస్తాయి, ముడతల పైపైతే సాగి జారుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమనే వేడి నీళ్లు చాలు. గిన్నెలు తోమే ద్రవం రెండు చెంచాలు పోసి, ఆ వెనకే ఈ నీళ్లు ఒక బకెట్ ఒక్కసారిగా వదలండి. టాయిలెట్ ఆసిడ్‌ను మాత్రం సింకులో పోయకండి. బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కాస్టిక్ పొడి ఉన్నచోట పడితే వేడెక్కి మొహం మీదికి చిమ్ముతుంది.

ప్రశ్న: ప్లంబరు సింకు కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాప్ తీసేసి నేరుగా పైపు పెట్టాడు. నీళ్లు చక్కగా పోతున్నాయి గానీ వాసన, బొద్దింకలు. (హొరమావు)

జవాబు: ట్రాప్‌లో నిలిచే రెండు మూడు అంగుళాల నీళ్లే వాసనకు తలుపు. మీ పైపు నేరుగా గోడలోకి పోతుంటే ట్రాప్ ఉండి తీరాలి. వంటగదికి బాటిల్ రకం వద్దు, అడుగున పిప్పి పేరుకుంటుంది. వంపు తిరిగిన పైపులాంటి పి ట్రాప్ పెట్టించండి. పైపు యుటిలిటీలోని నహానీ ట్రాప్ మీద పడుతుంటే మాత్రం కింద అదే ట్రాప్, పైన ఇంకొకటి అక్కర్లేదు. వాసన వస్తోందంటే నహానీలో నీళ్లు ఎండిపోయాయేమో, లోపలి కప్పు ఎవరైనా తీసేశారేమో చూడండి. ఊడ్చేటప్పుడు ఆ కప్పు తీసి పక్కన పెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే.