చిన్నీకి, ఎర్ర దారం గురించి

మూలాపేట,
నెల్లూరు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. మాఘమాసంలో తన షష్టిపూర్తికి మీ అమ్మ కట్టుకునే వెంకటగిరి చీర మీద నువ్వే స్వయంగా పూలు కుడతానన్నావని చెప్పాడు. అమ్మకు తెలియనివ్వవద్దని కూడా అన్నావట. ఫోను పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తరువాత సూది పట్టేవాళ్ళే లేరని ఎన్నోసార్లు దిగులు పడ్డాను. చిన్నప్పుడు లంగాకు ఊడిన హుక్కు కుట్టుకోమంటే పిన్నీసు పెట్టుకుని పారిపోయినదానివి, ఈరోజు చీర కుడతానంటే గుండె నిండిపోయింది. వెంటనే భయం కూడా వేసింది. ఆ భయం దేని గురించో ముందుకు చదివితే తెలుస్తుంది.

మగ్గం వర్కుకు ఇచ్చేయమని, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అయితే రెండు రోజుల్లో అయిపోతుందని నీకు చాలామంది చెబుతారు. చెప్పనీ. నువ్వు అనుకున్నదే చేయి. అయితే లెక్క మాత్రం ముందే వేసుకో. మీ నాన్న చెప్పినదాన్ని బట్టి కొంగు మీద, ఒంటి మీద కలిపి యాభై నాలుగు దానిమ్మ పూలు. అర్ధరూపాయి బిళ్ళంత పువ్వు, దానికొక కాడ, రెండు ఆకులు. చేయి తిరిగాక కూడా ఒక్కోదానికి నలభై నిమిషాలు పడుతుంది. అంటే ముప్పై ఆరు గంటలు. ఉద్యోగం, రెండేళ్ళ పిల్లవాడు ఉన్నదానివి, వారానికి మూడు గంటలు దొరికితే గొప్ప. పన్నెండు వారాలు. ఇప్పుడు భాద్రపదం. ధనుర్మాసం వచ్చేలోపు ఆఖరి పువ్వు అయిపోవాలి. మిగిలిన రోజులు ఉతకడానికి, పొరపాట్లు దిద్దడానికి. నాకు ఆ మిగులు రోజులు లేకపోయాయి.

వెంకటగిరి చీర సంగతి నీకు తెలియాలి. (ఆ ఊరిని 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు కానీ, మాకు అది ఎప్పటికీ నెల్లూరు వెంకటగిరే.) ఆ నూలు గాలికి ఎగిరేంత పల్చన. చేయి కింద పెడితే చేతి గీతలు కనిపిస్తాయి. కాబట్టి వెనక వైపు నువ్వు ఏం చేసినా ముందుకు కనిపిస్తుంది. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారం లాక్కుని పోవద్దు. ఏ పువ్వు దారం ఆ పువ్వు దగ్గరే తెంచాలి. మొదట్లో ముడి వేయవద్దు. పువ్వు లోపల, తరువాత కుట్టు కప్పేసే చోట, నాలుగు చిన్న ముందు కుట్లు (రన్నింగ్ స్టిచ్) వేసి మొదలుపెట్టు. వెంకటగిరి నేతగాళ్ళు జాంధానీ బుటాలు మగ్గం మీదే పోగు పోగు చేత్తో చొప్పించి నేస్తారు. అలాంటి గుడ్డ మీద వెనక గజిబిజిగా ఉంటే కళ్ళకు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

దారం ఆరు పోగుల లచ్చి కదా, అందులో రెండు పోగులు చాలు. ముడి కుట్టుకు కూడా రెండే. ఆరు పోగులూ కలిపి లాగితే ఆ పల్చని నేత జరిగిపోయి పువ్వు చుట్టూ చిల్లులు పడతాయి. దారం మూరెడు తెంచుకో, అంతకు మించవద్దు. పొడుగు దారం గుడ్డలోంచి అన్నిసార్లు దూరి దూరి నూగు లేచి మెరుపు పోతుంది. సూది తొమ్మిదో నంబరో పదో నంబరో తీసుకో. నంబరు పెరిగే కొద్దీ సూది సన్నం. కాడలకు కాడ కుట్టు, ఆకులకు గొలుసు కుట్టు, పువ్వు మధ్యలో ముడి కుట్టు. దానిమ్మ రేకును నిండుగా కుట్టేటప్పుడు గోరంత వెడల్పు దాటనివ్వకు, దాటితే ఉంగరాలకూ గాజులకూ తగులుకుని దారం లేస్తుంది.

డిజైను దించడానికి మా రోజుల్లో కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిలులో నీలిమందు కలిపి దూదితో రాసేవాళ్ళం. నీకు ఆ అవస్థ లేదు. గుడ్డ పల్చన కాబట్టి బొమ్మ కింద పెట్టి పెన్సిలుతో తేలికగా గీసుకో. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నుల జోలికి వెళ్ళకు, ఆ గీతలు చలికి మళ్ళీ తేలతాయి.

గుడ్డను బిగించి పట్టే రింగు ఆరంగుళాలది చాలు. లోపలి చట్రానికి నూలు పట్టీ చుట్టు. జరీ అంచు మీద రింగు ఎప్పుడూ బిగించవద్దు, ఆ మడత మళ్ళీ పోదు. రోజూ లేచేటప్పుడు రింగు విప్పేయి.

సూదుల విషయం గట్టిగా చెబుతున్నాను, విను. పిల్లవాడు నేల మీద దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. మూడు సూదులతో కూర్చుంటే మూడు సూదులతోనే లేవాలి. ఒకటి తగ్గితే అన్నం కూడా తినకుండా వెతుకు. ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకో. సూదిని గుడ్డకే గుచ్చి వదిలేయవద్దు, తడి గాలికి తుప్పు పట్టి మచ్చ పడుతుంది. ఇంకొకటి, రాత్రి పది దాటాక కుట్టవద్దు. నా కళ్ళు చూశావు కదా. పగటి వెలుతురులో కుట్టిన పువ్వుకూ దీపం కింద కుట్టిన పువ్వుకూ తేడా నేను ఇప్పటికీ వేలితో తడిమి చెప్పగలను.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

1992లో మీ అమ్మానాన్నల పెళ్ళి. నేనూ ఇలాగే అనుకున్నాను. కొత్తగా మన ఇంటికి వచ్చే పిల్లకు నా చేత్తో కుట్టిన చీర పెట్టాలని, మీగడ రంగు వెంకటగిరి చీర తీసుకుని ఎర్ర దానిమ్మ పూలు మొదలుపెట్టాను. ఇంకా పదకొండు పూలు ఉన్నాయనగా దారం అయిపోయింది. చిన్నబజారంతా తిరిగాను. అదే కంపెనీ, అదే నంబరు దొరకలేదు. నాలుగు రోజుల్లో వస్తుందన్నారు. నాలుగు రోజులు ఆగితే పెళ్ళికి అందదని, ఒక కొట్లో విడిగా అమ్మే ఎర్ర దారం కొన్నాను. సాయంత్రం దీపాల వెలుగులో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలియలేదు. తడిపి చూడాలని నాకు తెలియక కాదు. అప్పటికే పదిమంది పిల్లలకు కుట్టు నేర్పినదాన్ని. తొందరలో చూడలేదు, అంతే.

పెళ్ళికి రెండు రోజుల ముందు నీలిమందు గీతలు పోవడానికి చీర ఉతికాను. చన్నీళ్ళకు పోలేదని గోరువెచ్చని నీళ్ళు పోశాను. నీళ్ళు లేత గులాబీ రంగుకు తిరిగాయి. గచ్చు నేల మీది కుంకుమ ఏమైనా కలిసిందేమో అనుకుని పిండేసి, డాబా మీద ఆరేసి కిందికి వచ్చాను. గంట తరువాత వెళ్ళి చూస్తే, పాత దారంతో కుట్టిన పూలన్నీ చక్కగా ఉన్నాయి. ఆ పదకొండు పూల కింద మాత్రం, ప్రతి పువ్వుకూ, జానెడు పొడుగు గులాబీ చార. నీళ్ళు కిందికి జారిన దారిలో రంగు కూడా జారి అక్కడే ఆరిపోయింది. సబ్బు పెట్టి రుద్దాను. రంగు పోలేదు కానీ ఆ చోట నేత విడిపోయి గుడ్డ జల్లెడలా అయింది. కొంగు మీద, సరిగ్గా భుజం మీదికి వచ్చే చోట.

పెళ్ళింట్లో ఎర్రటి చారలున్న చీర చూస్తే ఎవరి నోట ఏ మాట వస్తుందోనని ఎవరికీ చూపించలేదు. బజారులో పట్టుచీర కొని అదే నా కానుక అన్నాను. కుట్టిన చీరను ట్రంకు పెట్టెలో అడుగున దాచేశాను. ఎన్ని రాత్రులు మేలుకుని కుట్టానో తెలిసిన మా అమ్మ కూడా ఒక్క మాట అడగలేదు. ఆమె అలా అడగకపోవడం నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

దసరాకు మీ అమ్మ పెట్టె సర్దడానికి సాయం చేస్తూ దాన్ని బయటికి తీసింది. చెప్పక తప్పలేదు. ఆమె కొంగు ఒళ్ళో పరుచుకుని పువ్వు పువ్వునూ చూసింది. "వదినా, దీన్ని ముదురు మెరూన్‌లో అద్దకం వేయిస్తే చారలు కనిపించవు" అంది. వేయించుకుంది. ఏళ్ళ తరబడి కట్టింది. నీకు గుర్తుండే ఉంటుంది, నిద్రపోయేటప్పుడు కొంగు పట్టుకుని ముడి కుట్లు గిల్లేదానివి. మూడు పూలకు మధ్యలో ముడులు లేకుండా చేసింది నువ్వే తల్లీ.

అందుకే చెబుతున్నాను. యాభై నాలుగు పూలకు మూడు ఎర్ర లచ్చులు సరిపోతాయని నీ లెక్క తేలితే ఐదు కొను, అన్నీ ఒకేసారి, ఒకే కొట్లో, చీటీ మీది రంగు నంబరు సరిచూసుకుని. మొదలుపెట్టే ముందు చీరను చన్నీళ్ళలో నానబెట్టి గంజి వదిలించి నీడన ఆరేయి. గంజి మీదే కుడితే ఉతికాక పువ్వు చుట్టూ గుడ్డ ముడుచుకుంటుంది. చీరతో వచ్చే జాకెట్టు గుడ్డలో కొంత మిగులు ఉంటుంది, దాని మీద ముందు ఒక పువ్వు కుట్టి చూడు. ప్రతి లచ్చి నుంచీ ఒక మూర తీసి తడిపి, తెల్లగుడ్డ మడతలో పెట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచు. గుడ్డకు ఏమాత్రం ఎరుపు అంటినా ఆ లచ్చి వాడవద్దు. ఉప్పు నీళ్ళలో ముంచితే రంగు నిలుస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దు, నేను అదీ చేసి చూశాను.

ఇంత చేసినా రంగు దిగితే కంగారుపడి పిండి ఆరేయకు. తడి ఆరనివ్వకుండా చన్నీళ్ళు మారుస్తూ, నీళ్ళు తేటపడేదాకా అందులోనే ఉంచు, తెల్లవార్లూ ఉంచవలసి వచ్చినా సరే. ఆ రోజు నేను డాబా మెట్లు ఎక్కకుండా ఇంకో బకెట్టు నీళ్ళు పట్టి ఉంటే ఆ చీర మీగడ రంగులోనే ఉండేది.

నా పాత చెక్క రింగు, పట్టీ మార్చి, రెండు సూదుల పొట్లాలతో కలిపి మీ నాన్న చేతికి ఇచ్చి పంపుతున్నాను. దారం తడిపిన తెల్లగుడ్డను తెల్లవారాక కిటికీ దగ్గర, ఎండలో ఫోటో తీసి నాకు పంపు. అది నేను చూసి సరే అన్నాకే చీర మీద మొదటి సూది గుచ్చు.

నీ
మేనత్త