ఎమ్మెస్సీ చేయాలా, నాన్న చెప్పిన బీఈడీ చేయాలా?

ప్రశ్న: నేను తెలంగాణలో బీఎస్సీ ఎంపీసీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మ్యాథ్స్‌లో మార్కులు ఎక్కువ వస్తాయి, ఇష్టం మాత్రం ఫిజిక్స్. కెమిస్ట్రీ అయితే ఫార్మాలో ఉద్యోగం గ్యారంటీ అని స్నేహితులు, ఎంసీఏ చెయ్యమని బాబాయి. నాన్నేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. ఆయనకు ఎదురు చెప్పలేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: తల్లీ, నలుగురి అభిప్రాయాలూ రాశావు, ఫిజిక్స్ ఎందుకు ఇష్టమో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నీ ఉత్తరంలో నేను వెతికింది అదే. ఆ ఇష్టం సబ్జెక్టు మీదా, ఆ సబ్జెక్టు బాగా చెప్పిన మేడమ్ మీదా అన్నది ముందు తేలాలి.

దానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే జామ్ పరీక్ష పాత పేపర్లు దాని వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. ఫిజిక్స్ ఒకటి, మ్యాథ్స్ ఒకటి తీసుకుని, ప్రత్యేకంగా ఏమీ చదవకుండా, రెండు ఆదివారాలు గడియారం పెట్టుకుని రాయి. ఒక్కోటి 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మార్కులు తక్కువే వస్తాయి, బెంగపడకు. రాక వదిలేసిన లెక్కల్లో ఏది రాత్రి అన్నం తినేటప్పుడు కూడా బుర్రలో తిరుగుతోందో చూడు, అంతే.

మ్యాథ్స్ మార్కుల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. డిగ్రీలో పాత ప్రశ్నలు బాగా సాధన చేస్తే తొంభైలు వచ్చేస్తాయి. ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా, టోపాలజీ అంటూ దాదాపు అన్నీ నిరూపణలే, ఒక సిద్ధాంతం ఎందుకు నిజమో గంటల తరబడి కూర్చుని ఆలోచించే ఓపిక కావాలి. అది నీకు నచ్చితే బంగారం. నచ్చకపోతే డిగ్రీ మార్కులు నిన్ను అక్కడ కాపాడవు. ఫిజిక్స్‌లోనూ మొదటి సెమిస్టర్ నుంచే గణితం గట్టిగానే ఉంటుంది, క్వాంటమ్ మెకానిక్స్‌కి వచ్చేసరికి ఇంకా ఎక్కువ, కాబట్టి మ్యాథ్స్ బాగా వచ్చిన అమ్మాయి ఫిజిక్స్‌కి వెళ్తే ఏదో వృథా అయిపోయినట్టు అనుకోవద్దు.

కెమిస్ట్రీ సంగతి: హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా ఉద్యోగాలు ఉన్న మాట నిజం, గ్యారంటీ అన్న మాట నిజం కాదు. ల్యాబ్‌లో నిలబడి పనిచేయడం ఇష్టమైన వాళ్లకే అది. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే, నీకు అర్హత ఉంది, కానీ ఇప్పటిదాకా ఒక్క ప్రోగ్రామ్ కూడా సరదాకి రాసి చూడకపోతే బాబాయి మాట మీద వెళ్లకు.

ఇంకో విషయం, ఇవన్నీ ఈరోజే తేల్చాల్సిన పని లేదమ్మా. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబర్‌లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఒకే విద్యార్థి రెండు పేపర్లు రాయొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్లకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఉస్మానియా, కాకతీయ లాంటి మన రాష్ట్ర యూనివర్సిటీలకి సీపీగెట్, అది డిగ్రీ పరీక్షలయ్యాకే. చదవాల్సింది చాలావరకు ఒకటే, నువ్వు ఇప్పటికే చదివిన డిగ్రీ సిలబస్. సీటు వచ్చేటప్పుడు మాత్రం ఎక్కడో ప్రైవేటు కాలేజీ కంటే యూనివర్సిటీ క్యాంపస్‌కే ప్రయత్నించు. ల్యాబ్, లైబ్రరీ, పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్లు, వీటి విలువ అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

ఇక నాన్న. ఆయన నీ చదువుకి అడ్డం పడుతున్నారని నాకు అనిపించడం లేదు. కూతురికి రేపు ఒక నికరమైన జీతం ఉండాలన్నదే ఆయన ఆరాటం, ఆయన కళ్లారా చూసిన అలాంటి ఉద్యోగం టీచరే అయి ఉంటుంది. ఎమ్మెస్సీతో ఆ దారి మూసుకుపోదని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు. జూనియర్ కాలేజీలో లెక్చరర్ కావాలంటే పీజీ ఉండాల్సిందే. డిగ్రీ కాలేజీ అయితే పీజీతో పాటు లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ గానీ సెట్ గానీ, లేదంటే పీహెచ్‌డీ గానీ కావాలి. పరిశోధన వైపు వెళ్లి సీఎస్ఐఆర్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకి 37,000 రూపాయలు, 2023 జనవరి నుంచి ఇదే లెక్క. ఆయన్ని రెండేళ్లు అడుగు. ఆ రెండేళ్లకి హాస్టల్, ఫీజు ఎంతవుతుందో, ఈ-పాస్ స్కాలర్‌షిప్ వస్తే ఎంత తగ్గుతుందో సీనియర్లని కనుక్కుని ఒక కాగితం మీద రాసుకుని మరీ అడుగు. "నాకు ఫిజిక్స్ ఇష్టం నాన్నా" అన్న మాట కూడా ఆ కాగితంతో పాటే చెప్పు. ఇప్పటిదాకా ఆయన ఆ మాట నీ నోట విననే లేదు కదా.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకు. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్‌కి చూపించుకో, అమ్మకి కూడా చెప్పు.

నీకు ఓబీసీ రిజర్వేషన్ వర్తించేట్టయితే జామ్‌కి నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలి, అది చేతికి రావడానికి రోజులు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టు. తహసీల్దార్ ఆఫీసుకి నాన్నని తోడు తీసుకెళ్లు. దారిలో మాట్లాడుకోవడానికి బోలెడు టైమ్ దొరుకుతుంది.