జైసల్మేర్ మేడలు, గుళ్ళు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

రాజస్థాన్‌లోని ఎడారి నగరం జైసల్మేర్‌ను కాలినడకన చూడటం గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న: నేనూ నా భార్యా డిసెంబరులో జైసల్మేర్ వెళ్ళాలనుకుంటున్నాం. గైడు వెంట నడుస్తూ పాత మేడలు, గుళ్ళు చూడవచ్చని విన్నాం. ఏ వరసలో చూస్తే బాగుంటుంది? గైడు చెప్పే కథలను ఎంతవరకు నమ్మవచ్చు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: పొద్దున్నే కోటతో మొదలుపెట్టి, ఆ తరవాత కిందికి దిగి హవేలీలు (సంపన్నుల పాత మేడలు) చూడండి. కోటలోని జైన ఆలయాల్లోకి సందర్శకులను ప్రధానంగా మధ్యాహ్నం లోపే అనుమతిస్తారు కాబట్టి ఈ వరస తిరగేస్తే మంచి భాగమే చేజారుతుంది. 1156లో భాటీ వంశపు రాజపుత్రుడైన రావల్ జైసల్ త్రికూట కొండ మీద స్థాపించిన ఆ కోటలోకి అఖై పోల్, సూరజ్ పోల్, గణేశ్ పోల్, హవా పోల్ అనే నాలుగు ద్వారాలు దాటుకుంటూ ఎక్కాలి. పైన ఒకదాన్నొకటి ఆనుకుని ఏడు జైన ఆలయాలున్నాయి. వాటిలో పార్శ్వనాథుడి ఆలయ తోరణం దగ్గర తొందరపడవద్దు. ఆ ఆలయ సముదాయంలోనే తాళపత్ర గ్రంథాలను భద్రపరిచిన జ్ఞాన భండారం ఉంది. లక్ష్మీనాథ ఆలయం కూడా కోటలోపలే ఉంది.

భాటీల కోటలో ఇన్ని జైన ఆలయాలు ఎందుకున్నాయని గైడును తప్పక అడగండి, ఎందుకంటే ఊరి చరిత్రకు తాళంచెవి అక్కడే ఉంది. సింధు, పర్షియా దిక్కుల నుంచి వచ్చే ఒంటెల బిడారులు ఈ దారినే సాగేవి, ఆ వర్తకంలో ధనవంతులైన వారిలో జైనులు ముఖ్యులు. గుళ్ళకూ మేడలకూ ఖర్చు పెట్టింది చాలావరకు ఆ వర్తకులే. బొంబాయి రేవు పెరిగి వర్తకం సముద్రం దారి పట్టడంతో ఎడారి దారి పలచబడింది, 1947లో పాకిస్తాన్ సరిహద్దు పడ్డాక పూర్తిగా మూసుకుపోయింది. గైడులు సాధారణంగా రాజుల యుద్ధాల గురించే చెబుతారు. మీరు షావుకార్ల గురించి అడిగితే నడక రక్తి కడుతుంది.

కథల విషయానికొస్తే, కంటితో సరిచూసుకోగలిగినవి కొన్ని, సరిచూసుకోలేనివి కొన్ని. 1885 నాటి నథ్‌మల్ హవేలీ ముఖభాగాన్ని హాథీ, లాలూ అనే అన్నదమ్ములు చెరో సగం చెక్కారని చెబుతారు. వీధిలో నిలబడి కుడి ఎడమలను పోల్చి చూస్తే, దూరం నుంచి ఒకేలా కనిపించే రెండు సగాల్లో నగిషీలు వేరువేరుగా ఉన్నాయని మీకే తెలుస్తుంది. కోటకు దగ్గరగా ఉన్న సలీం సింగ్ హవేలీ కింద ఇరుకుగా ఉండి, పై అంతస్తులో నెమలి బొమ్మల ఆధారాల మీద వీధిలోకి విప్పారుతుంది. దాని యజమాని జైసల్మేర్ రాజుకు దివాను, అంటే మంత్రి. రాజభవనంతో సమానంగా ఉండాలని అతడు మరో రెండు అంతస్తులు లేపితే రాజు కూల్చివేయించాడన్న కథను మాత్రం కథగానే వినండి. అదే దివానుకు భయపడి జైసల్మేర్ దగ్గరి కుల్‌ధరా పల్లెలోని పాలీవాల్ బ్రాహ్మణులు ఒక్క రాత్రిలో ఊరు వదిలి వెళ్ళారన్నదీ అంతే. పన్నుల బరువు, నీటి కొరత కలిసి ఆ పల్లెను క్రమంగా ఖాళీ చేశాయనడం నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది.

పట్వాల హవేలీకి ఎక్కువ సమయం ఉంచుకోండి. గుమాన్ చంద్ పట్వా అనే వర్తకుడు తన ఐదుగురు కొడుకుల కోసం 1805లో మొదలుపెట్టించిన ఐదు మేడల వరస అది, పూర్తి కావడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది. లోపలి చౌక్ (ఇంటి నడుమ పైకప్పు లేని ఖాళీ చోటు) చూడగానే మన మండువా లోగిలి గుర్తుకొస్తుంది. అయితే మండువాలో నడిమింట్లో వాన పడుతుంది, అక్కడి చౌక్ గాలి కోసం, నీడ కోసం ఏర్పడింది.

గైడుకు పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందో లేదో చూసుకోండి. రుసుముతోపాటు, దారిలో దుకాణాల్లోకి తీసుకువెళ్ళకూడదన్న షరతును కూడా ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: నేను గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. ఆ మేడల ఫోటోల్లో రాయిని కొయ్యలా చెక్కినట్టుంది. మా గెలాక్సీ రాయిని (ఇక్కడి నల్ల గ్రానైట్‌ను) అలా ఎందుకు చెక్కలేం? అంత సన్నని జాలీలు (రాతిలో చిల్లులు తొలిచిన తెరలు) ఇన్నేళ్ళు ఎలా నిలిచాయి?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఆ పసుపు రాయిని అందరూ ఇసుకరాయి అంటారు కానీ, జైసల్మేర్‌కు పేరు తెచ్చిన రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు సున్నపురాయి కింద లెక్కిస్తారు. సున్నపురాయిలో ప్రధాన ఖనిజమైన కాల్సైట్ కాఠిన్యం, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానం మీద 3 మాత్రమే. మీ గెలాక్సీ భూమి లోపల కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి. అందులోని ఫెల్‌స్పార్ కాఠిన్యం 6 దాకా ఉంటుంది కాబట్టి దాన్ని కోయడానికి వజ్రపు పళ్ళ బ్లేడు కావాలి. పైగా సున్నపురాయి క్వారీలోంచి తీసిన కొత్తలో తేమతో మెత్తగా ఉండి, ఆరేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. అక్కడ శిలావట్లు అనే వృత్తివారు జాలీ పలకలను, గవాక్షాలను విడిగా చెక్కి, గాడి పెట్టి ఒకదానిలో ఒకటి బిగించేవారు. నీరు కరువైన చోట సున్నం అడుసు వీలైనంత తగ్గించుకోవడం తెలివైన పద్ధతే.

నిలిచి ఉండటానికి అసలు కారణం వాతావరణం. జైసల్మేర్‌లో ఏడాది వాన సగటున 200 మిల్లీమీటర్ల లోపే, నెల్లూరులో వెయ్యి దాటుతుంది. అదే జాలీని మన కోస్తాలో ఉప్పుగాలికి, తుపాను వానలకు వదిలితే ఆ అంచులు అంత పదునుగా మిగలవు. మన ప్రాంతపు ఆలయాలకు గట్టి రాళ్ళు వాడటంలో ఈ వివేకం కూడా ఉంది.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడను ఈ నడకకు తీసుకువెళ్ళవచ్చా?
— ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: పూర్తి నడక వద్దమ్మా. కోటకు వెళ్ళేది రాళ్ళు పరిచిన ఎక్కుడు దారి, పట్వాల హవేలీ లోపలి మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. హవేలీల పనితనమంతా ముఖభాగంలోనే ఉంది కాబట్టి ఆటోలో వీధి దాకా తీసుకువెళ్ళి బయటి నుంచే చూపించండి. సాయంత్రం గడీసర్ చెరువు గట్టున కూర్చోబెట్టవచ్చు. జైన ఆలయాల్లోకి వెళ్ళేవారు తోలు బెల్టు, తోలు సంచి వెంట తేవద్దు. డిసెంబరు రాత్రులు మన దగ్గరకంటే బాగా చలిగా ఉంటాయి, శాలువా మరవకండి.

ప్రశ్న: కోటలోపలే హోటళ్ళున్నాయట. అక్కడ దిగడం మంచిదేనా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: వద్దనే మా సలహా. అది కొన్ని వేలమంది నేటికీ కాపురముంటున్న కోట. కుండలతో నీళ్ళు మోసుకునే రోజులకు తగ్గట్టు కట్టిన చోటికి కొళాయిలు వచ్చి, వాటి వెనక హోటళ్ళ స్నానాల గదులు వచ్చాయి. వాడిన నీరు సరిగా బయటికి పోక కొండలోని బంకమట్టి పొరల్లోకి ఇంకింది. పునాదులు కదిలి కొన్ని బురుజులు, ఇళ్ళు కూలాయి. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో ఈ కోట 1996లోనే చేరింది. 2013లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చినా కొండకు తడి బెడద తప్పలేదు. 2024 ఆగస్టు వానలకు గోడలో కొంత భాగం మళ్ళీ పడిపోయింది. లోపలి కుటుంబాలకు పర్యాటకుల వల్లే బతుకుతెరువు కాబట్టి టీ, భోజనం, కొనుగోళ్ళు కోటలో చేయండి. స్నానం, బట్టల ఉతుకు మాత్రం కింద ఊళ్ళో తీసుకున్న గదిలో పెట్టుకోండి.