మూడు నెలల్లో బీపీ, కొలెస్ట్రాల్ నిజంగా తగ్గుతాయా? నా అనుభవం

మీకు 46 ఏళ్లు, బీపీ 138/88, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 152. షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. మూడు నెలలు అలవాట్లు మార్చుకుని మళ్లీ రమ్మన్నారు డాక్టర్. అలవాట్లతో నిజంగా తగ్గుతుందా, మాత్ర తప్పించుకోవచ్చా, ఉద్యోగం, ఇల్లు రెండూ చూసుకుంటూ ఇవన్నీ ఎప్పుడు చేయాలి అని అడిగారు.

తగ్గుతుంది. నాకు తగ్గింది. ఎంత తగ్గుతుందనేది మాత్రం మనిషిని బట్టి, ఏం మార్చామన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను 49 ఏళ్ల వయసులో మొదలుపెట్టాను. అప్పుడు బీపీ 142/90, ఎల్‌డీఎల్ 161, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 5.9. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, అంటే షుగర్ వాకిట్లో నిలబడి ఉన్నట్టు. ఏడాది తిరిగేసరికి బీపీ 126/80 దగ్గర నిలబడింది, హెచ్‌బీఏ1సీ 5.6కి వచ్చింది, ఎల్‌డీఎల్ 128కి దిగింది. ఆ చివరి అంకె గురించి, మాత్ర గురించి కింద విడిగా రాస్తాను.

ముందుగా మీ బీపీ అసలు ఎంతో సరిగ్గా తెలుసుకోండి. ఆస్పత్రిలో చూసిన ఒక్క రీడింగ్‌తో టెన్షన్ పడొద్దు, అలాగని తీసిపారేయనూ వద్దు. ఇంట్లో ఒక డిజిటల్ మెషిన్ పెట్టుకోండి, మణికట్టుకి కట్టేది కాకుండా జబ్బకి కట్టేది. పట్టీ మీ చేతికి సరిపోవాలి. బిగుతైపోతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. చూసుకునే ముందు అరగంట వరకు కాఫీ, టీ, వ్యాయామం వద్దు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో ఉంచి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఫోన్ చూడకూడదు, మాట్లాడకూడదు. తర్వాత నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోవాలి. వంటింట్లోంచి వచ్చీ రాగానే పట్టీ కట్టుకుని, పక్కగదిలో ఉన్న అమ్మాయికి జవాబిస్తూ చూసుకుంటే నాకు పైఅంకె పది పాయింట్ల దాకా ఎక్కువ వచ్చేది. అదే కుర్చీలో కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే దిగేది. డాక్టర్ నిర్ణయం తీసుకునేది ఈ అంకెలను బట్టే కదా, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇప్పుడు నా మనసుకి దగ్గరైన విషయం. మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ నన్ను అడిగిన రెండో ప్రశ్న, "కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా?" అని. పెరిగింది. మా పెద్దమ్మాయి కడుపులో ఉండగా ఏడో నెల దాటాక బీపీ ఎక్కువై, మూత్రంలో ప్రొటీన్ పోయి, ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. ప్రీఎక్లాంప్సియా అన్నారు. కాన్పయ్యాక అంతా మామూలైంది, ఇంట్లో ఎవరూ మళ్లీ ఆ ఊసెత్తలేదు. అలా జరిగిన ఆడవాళ్లకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ముప్పు దాదాపు రెట్టింపు అని నాకు ఇరవై ఏళ్లకు పైగా గడిచాక తెలిసింది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినా, 40 ఏళ్లలోపే నెలసరి ఆగిపోయినా, పీసీఓఎస్ (నెలసరి క్రమం తప్పే ఒక హార్మోన్ల సమస్య) ఉన్నా ముప్పు పెరుగుతుంది. మీరు మీ ప్రశ్నలో కాన్పుల గురించి ఏమీ రాయలేదు. ఇలాంటిది ఏదైనా జరిగి ఉంటే, డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. మిమ్మల్ని మూడు నెలలు ఆగమనాలా వద్దా అన్నది దానివల్ల మారవచ్చు.

ఇంకో సంగతి. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గుతుంది, దాంతోపాటు ఎల్‌డీఎల్ పెరుగుతుంది. తిండి ఏమీ మార్చకపోయినా పెరుగుతుంది. "నేనేం తప్పు చేశాను" అని రాశారు మీరు. ఆ మాట చదివి బాధ కలిగింది. మీ వయసులో ఇది ఒంట్లో జరిగే మార్పు, అంతే. గుండెజబ్బంటే మగవాళ్లదే అని మన చుట్టూ చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. ప్రపంచం మొత్తం మీద ఆడవాళ్ల మరణాల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరుగుతున్నాయి. కాబట్టి మీరు ఇప్పుడు మీ కోసం సమయం తీసుకోవడం విలాసమేమీ కాదు.

ఆ సమయం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. తెల్లవారుజామున లేచి నడవమని అందరూ చెబుతారు. రాత్రి పదకొండున్నరకి పడుకునే మనిషి నాలుగున్నరకి లేవాలంటే ఆ గంట నిద్రలోంచే పోతుంది. నిద్ర చాలకపోతే బీపీ పెరుగుతుంది, ఆకలి పెరుగుతుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో గుండె ఆరోగ్యానికి కీలకమైన అంశాల జాబితాలో నిద్రను కూడా చేర్చింది. పెద్దవాళ్లకి ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలి. అందుకని నిద్రను ముట్టుకోకూడదు అనుకున్నాను. ఇక మిగిలింది ఇంటి పని సమయం. ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి రిపోర్టు చూపించి, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ముప్పావుగంట నేను ఇంట్లో ఉండను, ఆ సమయానికి కావాల్సినవి మీరు చూసుకోవాలి అని చెప్పాను. మావారు కూరగాయలు తరగడం, అబ్బాయి గిన్నెలు సర్దడం వాళ్లే పంచుకున్నారు. మొదట్లో రోజూ ఏదో ఒక ఫోన్ వచ్చేది, అది ఎక్కడుంది, ఇది ఎంత వేయాలి అని. కొన్నాళ్లకి ఆగిపోయాయి. నాకు తెలిసిన ఆడవాళ్లలో చాలామంది నడక మానేసింది బద్ధకంతో కాదు, ఈ మాట ఇంట్లో అడగలేక. మీరు వేరే ఏది వాయిదా వేసినా ఇది వేయొద్దు.

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఓ మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఒకేసారి అంతసేపు కుదరకపోతే ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద ఒక అధ్యయనం వెలువరించారు. రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్ల కంటే, మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువగా వచ్చిందని అందులో తేలింది. వాళ్లెవరూ జిమ్‌కి వెళ్లినవాళ్లు కాదు, డ్యూటీ చేసుకున్నారంతే. అది చదివాక ఆఫీసులో లిఫ్ట్ వాడటం మానేశాను. వారంలో రెండు రోజులు కండరాలకి పని చెప్పే వ్యాయామం కూడా ఉండాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పుషప్స్ చాలు మొదట్లో. మన వయసులో ఎముకలకీ మంచిది.

తిండి విషయంలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: నాకోసం విడిగా వండను. ఇంట్లో అందరూ తినేదే మారాలి. లేకపోతే రెండు వంటలు చేయలేక నెలలోపే మానేస్తాం. ఉప్పుతో మొదలుపెట్టాను. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీస్పూన్, ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అందులో బయట కొన్నవాటిలోది కూడా కలిసే ఉంటుంది. మేం నలుగురం. రోజూ ఉదయం ఒక చిన్న గిన్నెలోకి రెండు టీస్పూన్ల ఉప్పు తలగొట్టి తీసి పొయ్యి పక్కన పెట్టేదాన్ని. రోజంతా వంట ఏదైనా అందులోంచే. పెద్ద డబ్బా పైఅరలోకి పోయింది. సాయంత్రానికి గిన్నె అడుగు కనబడుతుంటే చెయ్యి దానంతటదే వెనక్కి తగ్గేది. మొదట్లో చప్పగా ఉందని అందరూ అన్నారు, కొన్ని వారాలకి నాలుక సర్దుకుంది. ఇప్పుడు బయట తింటే మా అబ్బాయే ఉప్పెక్కువైందంటాడు.

ప్యాకెట్ల వెనకాల సోడియం అని రాసి ఉంటుంది, ఉప్పు అని ఉండదు. సోడియం అంకెని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. బ్రెడ్, బిస్కెట్లు, సాస్‌లు, సూప్ పొడులు ఒకసారి తిప్పి చూడండి. తియ్యగా ఉన్నవాటిలో కూడా ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: పొటాషియంతో చేసిన "తక్కువ సోడియం" ఉప్పు దొరుకుతుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి పోకూడదు.

ఉప్పొక్కటే కాదు. తిండితో బీపీ ఎంత తగ్గుతుందో చూసి 1997లో వెలువరించిన డాష్ అధ్యయనంలో ఉప్పు, బరువు మార్చకుండానే కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాల పదార్థాలు ఎక్కువగా ఇచ్చారు. అప్పటికే బీపీ ఉన్నవాళ్లకి పైఅంకె సగటున 11 పాయింట్లు తగ్గింది, అదీ రెండు వారాల్లోనే తేడా కనిపించింది. 2001లో దానికి ఉప్పు తగ్గించడం కూడా జోడిస్తే ఇంకా తగ్గింది. అందుకే మీకిచ్చిన మూడు నెలలు తక్కువేమీ కాదు. ఎల్‌డీఎల్‌కి వేరే పని చేయాలి: వెన్న, మీగడ, మాంసం కొవ్వు, బేకరీ సరుకు తగ్గించి ఆ స్థానంలో గింజల నూనెలు, వేరుశనగ, బాదం లాంటివి తేవాలి. ఓట్స్, చిక్కుళ్లు, శనగలు, యాపిల్ లాంటివాటిలోని కరిగే పీచు కూడా కొంత తగ్గిస్తుంది. నూనె మంచిదే కదా అని ధారాళంగా పోయకండి, బరువు పెరుగుతుంది. నా బరువు ఆరు కిలోలు తగ్గింది. కిలోకి బీపీ సుమారు ఒక పాయింట్ చొప్పున తగ్గుతుందని చెబుతారు.

ఇక మాత్ర. మా నాన్నగారికి 51వ ఏట గుండెపోటు వచ్చింది. తండ్రికి, అన్నదమ్ములకి 55 లోపు, తల్లికి, అక్కచెల్లెళ్లకి 65 లోపు వస్తే మన ముప్పు లెక్కలో అది కూడా చేరుతుంది. నా ఎల్‌డీఎల్ 128 దగ్గర ఆగిపోయినప్పుడు, ఈ చరిత్ర, ప్రీఎక్లాంప్సియా రెండూ చూసి డాక్టరమ్మ తక్కువ మోతాదులో స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) రాశారు. ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి రాదు, ఒళ్లే, ముఖ్యంగా లివర్, తయారుచేసుకుంటుంది. ఎంత బాగా తిన్నా కొందరిలో ఒక హద్దు దాటి తగ్గదు. స్టాటిన్ ఆ తయారీనే తగ్గిస్తుంది. "ఇంత కష్టపడి చివరికి మాత్రేగా" అని మా ఆడపడుచు అన్నప్పుడు నేను చెప్పింది ఇదే: బీపీకి మాత్ర లేదు, షుగర్ వెనక్కి వెళ్లింది, ఈ మాత్ర కూడా చిన్నది సరిపోయింది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది ఆరు శాతమే. నా వంటింటి మార్పులతో, నడకతో అంతకంటే ఎక్కువే తగ్గింది. ఇప్పుడు 84లో ఉంది. మీకూ రాస్తే దయచేసి దాన్ని ఓటమిగా తీసుకోకండి. ఎవరో చెప్పారని మధ్యలో మానేయనూ వద్దు.

మూడు నెలలూ ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఇంట్లో సరిగ్గా చూసినా బీపీ మళ్లీ మళ్లీ 160/100 దాటుతుంటే ముందే వెళ్లండి. ఎల్‌డీఎల్ 190, ఆపైన ఉంటే వంశపారంపర్యం కావచ్చు, అలవాట్లు ఒక్కటే చాలవు. ఛాతీలో బరువు, ఆయాసం, దవడకి, వీపుకి, చేతికి పాకే నొప్పి, చెమట్లు, వికారం, ఎన్నడూ లేనంత నీరసం అకస్మాత్తుగా వస్తే అంబులెన్స్ పిలవండి. ఆడవాళ్లలోనూ ఛాతీనొప్పే ఎక్కువగా వస్తుంది, కానీ అది లేకుండా మిగతావే రావడం మగవాళ్లలో కంటే ఎక్కువ. గ్యాస్ అనుకుని పనులు ముగించుకుందామని కూర్చోవద్దు.

మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం పట్టుకెళ్లండి. వెళ్లే ముందు వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసుకున్న బీపీ అంకెలు, కాన్పుల చరిత్ర, ఇంట్లో ఎవరికి ఏ వయసులో గుండెపోటు వచ్చిందో రాయండి. మీరు గట్టిగా గురక పెడతారని ఇంట్లో అంటుంటే అది కూడా రాయండి, నిద్రలో ఊపిరి ఆగడం వల్ల బీపీ పెరుగుతుంది. థైరాయిడ్ పరీక్ష చేయించారా అని అడగండి, అది మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. లైపోప్రొటీన్-ఎ (రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే, గుండెజబ్బు ముప్పు పెంచే ఒక రకం కణం) పరీక్ష గురించి కూడా అడగండి, అది పుట్టుకతో వచ్చేది కాబట్టి జీవితంలో ఒకసారి చేయించుకుంటే చాలు. తలనొప్పికి, మోకాళ్లకి మీరే కొనుక్కుని వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలుంటే వాటి పేర్లు, గర్భనిరోధక మాత్రలుంటే అవి కూడా రాయండి. ఇవి రెండూ బీపీని పెంచగలవు, మనం చెప్పకపోతే డాక్టర్‌కి తెలిసే దారి లేదు.